దెయ్యానికి సంజాయిషీ అక్కర్లేదు

తెలుగులో చిన్న పెట్టుబడితో దెయ్యం సినిమాలూ థ్రిల్లర్లూ తీస్తున్న దర్శకులకు, వాటికి కథలు రాస్తున్నవారికి,



మీ సినిమాలు టికెట్టు కొనుక్కుని చూసేవాళ్లలో నేనొకదాన్ని. ఏలూరులో టీచర్ని. పుట్టిల్లు కైకలూరు అవతల లంక ఊరు, ఆడపడుచు వాళ్లది తాడేపల్లిగూడెం. మీ సినిమా హాల్లోకి వస్తే మొదటి వారంలోనే చూసెయ్యాలని, రెండో వారానికి దాని జాడ ఉండదని మాకు తెలుసు. తప్పిపోతే ఓటీటీలోకి వచ్చాక, ఇంట్లో అందరూ పడుకున్నాక, లైటు తీసేసి చూస్తాను. పెద్ద హీరోల సినిమాల గురించి మాట్లాడ్డానికి రాష్ట్రం నిండా జనం ఉన్నారు. మీ సినిమాల దగ్గరికొచ్చేసరికి "భయమేసిందా, లేదా" అన్న ఒక్క ముక్కతో తేల్చేస్తారు. నాకు అంతకంటే చెప్పాలని ఉంది. అందులో మెచ్చుకోలు కొంత, పేచీ కొంత.

పేచీ ఏమిటో ముందే చెప్పేస్తాను. మీరు గంటన్నర కష్టపడి మమ్మల్ని భయపెడతారు. ఆ తర్వాత అరగంట కూర్చోబెట్టి, మేం ఎందుకు భయపడ్డామో వివరంగా చెప్పి, ఉన్న భయం కాస్తా తీసేసి ఇంటికి పంపిస్తారు. ఆ దెయ్యం ఎవరు, ఏ ఊరిది, ఎవరు చంపారు, ఏ పెట్టెలో ఏ వస్తువు కాలిస్తే వదిలిపోతుంది, అన్నీ. మండలాఫీసులో ఆడిట్‌కి వచ్చినవాళ్లకి చూపించినట్టు కాగితాలన్నీ వరసగా చూపిస్తారు. మేం అడగలేదండీ.

మెచ్చుకోవలసింది ముందు మెచ్చుకుంటాను. 2016లో రవికాంత్ పేరేపు తీసిన ‘క్షణం’ నాకు ఇప్పటికీ గుర్తు. పాప తప్పిపోయిందని తల్లి అంటుంది. అసలు పాపే లేదని చుట్టూ ఉన్నవాళ్లంటారు. ఇంతే కథ, చాలు. కోటి రూపాయల చుట్టుపక్కల ఖర్చుతో తీశారని అప్పట్లో చెప్పుకున్నారు. రెండేళ్ల తర్వాత అదే కథను హిందీలో ‘బాఘీ 2’గా తీస్తే అందులో హెలికాప్టర్లు వచ్చాయి, తుపాకులు వచ్చాయి, పాప గురించిన బెంగ మాత్రం ఎటో పోయింది. డబ్బు లేకపోవడం ‘క్షణం’కి మేలే చేసింది. చూపించడానికి ఏమీ లేదు కాబట్టి తల్లి మొహమే చూపించారు. ఆమె చెప్పేది నమ్మాలో వద్దో తెలియక మేం సీట్లలో కదిలిపోయాం.

2019లో స్వరూప్ ఆర్‌ఎస్‌జే తీసిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ది ఇంకో రకం తెలివి. నవ్విస్తూ నవ్విస్తూ ఉండగానే రైలు పట్టాల పక్కన శవాలు దొరుకుతాయి. ఆ భయం ఎక్కడ దొరికిందో చూడండి. పేపర్లో జిల్లా పేజీ కింద ఒక మూల, నాలుగు లైన్లలో వేస్తారే, ‘గుర్తు తెలియని మృతదేహం’ అని, వయసు సుమారు ఇంత, ఒంటి మీద నీలం గళ్ల చొక్కా అని, అక్కడ దొరికింది. మా ఏలూరు మీదుగా బెజవాడ–విశాఖ లైను పోతుంది. ఆ నాలుగు లైన్ల వార్త మా ఎడిషన్లో పడుతూనే ఉంటుంది, మేం దాన్ని దాటుకుని బంగారం ధర చూసుకుంటూనే ఉంటాం. నెల్లూరు కథ అది. కానీ ఆ సినిమా చూసొచ్చాక ఆ వార్తను దాటెయ్యడం నావల్ల కాలేదు. ఎవరో ఒకరు ఆ నీలం గళ్ల చొక్కా కొన్నారు కదా, ఉతికి ఆరేశారు కదా అనిపించేది. ఒక సినిమా ప్రేక్షకురాలి మీద చెయ్యగలిగిన పెద్ద పని ఇదే. చూసిన రెండు గంటలు కాదు లెక్క, మర్నాడు పొద్దున్న కాఫీ దగ్గర ఏం జరిగిందన్నది లెక్క.

‘మసూద’ గురించి కాస్త నిదానంగా మాట్లాడాలి. నన్ను అంతగా గెలిచి, అంతగా విసిగించిన సినిమా ఈమధ్య లేదు. 2022 నవంబరులో వచ్చింది, సాయికిరణ్ మొదటి సినిమా. నిర్మాత రాహుల్ యాదవ్ నక్కా. ‘ఆత్రేయ’ నిర్మించింది కూడా ఆయనే, కొత్తవాళ్లను నమ్మే మనిషి. మొదటి సగంలో దెయ్యం దాదాపు లేనట్టే. భర్త లేకుండా కూతుర్ని పెంచుకుంటున్న ఒక టీచరు, ఎదిగిన ఆ పిల్ల, పక్క ఫ్లాటులో ఉండే ఒక పిరికి కుర్రాడు. అంతే మనుషులు. పిల్ల తేడాగా ప్రవర్తిస్తుంది. తల్లికి ముందు తట్టేది దెయ్యం కాదు, పక్కవాళ్లేమనుకుంటారోనని. తల్లిగా వేసిన సంగీత గారు ఆ కంగారును ఎంత చిన్నగా చేశారో! తలుపు సగం తీసి, ఒంటితో దారి మూసి, నవ్వుతూ మాట్లాడటం. లోపల పిల్ల ఉన్న గదివైపు చూపు పోనివ్వకపోవడం. నా స్టాఫ్‌రూములో అలాంటి తల్లుల్ని చూశాను. పేరెంట్స్ మీటింగులో సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణికితే పెన్ను బాగోలేదంటారు.

తిరువీర్ వేసిన ఆ పిరికి కుర్రాడు కూడా బాగున్నాడు. మన సినిమాల్లో హీరో భయపడితే నవ్వించడానికే. ఇక్కడ నిజంగా భయపడతాడు, భయపడుతూనే వెనక్కి పోకుండా ఉంటాడు. ప్రశాంత్ విహారి సంగీతం చాలా చోట్ల నోరు మూసుకోవడం నేర్చుకుంది, అదీ ఒక విద్యే.

ఆ తర్వాత రెండో సగం. వెతుకులాట, పాత ఊరు, పాత కథ, ఎవరెవరు ఎవరెవర్ని ఎలా చంపారో పొడుగాటి ఫ్లాష్‌బ్యాక్, ఎముకలు, తవ్వకం, పరుగులు. తీసిన తీరులో పనితనం లేదనను. అయితే ఆ తల్లి ఏమైపోయింది? అంతసేపు నేను పట్టుకుని కూర్చున్న చెయ్యి ఆమెది. కథ ఆ చెయ్యి వదిలేసి కత్తుల వెంట పడింది.

ఇంకొక మాట, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నల్ల బురఖాను భయానికి గుర్తుగా వాడటం. పరదా కింద మొహం కనిపించని ఆకారం నడిచొస్తుంటే హాలంతా కెవ్వుమంది, నేనూ అరిచాను. కానీ మర్నాడు మా బజారులో అదే బట్టలో నా పాత స్టూడెంటు వాళ్లమ్మ కూరగాయలు బేరమాడుతోంది. ఏలూరు తివాచీలు దేశాలు దాటి వెళ్లాయి. పర్షియా నుంచి వచ్చిన ముస్లిం నేతగాళ్ల చేతి విద్య అది, వాళ్ల వారసులు ఈ ఊళ్లోనే ఉన్నారు. మంచి ముస్లిం పాత్రల్నీ పెట్టామని మీరనొచ్చు, నిజమే, పెట్టారు. అయినా భయపెట్టడానికి ఒక బట్ట కావాల్సి వచ్చినప్పుడు ఎవరి బట్ట తీసుకుంటున్నాం అన్నది కాస్త చూసుకోండి. తెల్లచీర, విరబోసిన జుట్టుకి మా ఆడవాళ్లం ఎలాగూ అలవాటు పడిపోయాం.

ఈ ఫ్లాష్‌బ్యాక్ జబ్బు ‘మసూద’ ఒక్కదానిదే కాదు. 2023 డిసెంబరులో ‘పిండం’ వచ్చింది, ఇంత భయపెట్టే సినిమా లేదన్నంత ప్రచారంతో. పాత ఇల్లు, కొత్తగా దిగిన కుటుంబం, మాట్లాడని పిల్ల. మొదట్లో ఇంటి కొలతలు మనకి తెలియనివ్వని తీరు నచ్చింది. తర్వాత తంత్రం తెలిసినావిడ వచ్చి విప్పి చెప్పడం మొదలుపెట్టేసరికి ఆ ఇంట్లో ఏ గది ఎక్కడుందో నాకు బట్టీ వచ్చేసింది. తెలిసిన ఇంట్లో భయమేమిటి?

మంత్రగాళ్లంటే మాకు చిన్నచూపేం లేదు. 1951 ‘పాతాళ భైరవి’లో నేపాళ మాంత్రికుడు ఎస్వీ రంగారావు గారు పుట్టింది నూజివీడులో, ఇప్పుడది మా ఏలూరు జిల్లాలోదే. ఆ మాంత్రికుడికి తనకేం కావాలో మొదటినుంచీ తెలుసు, కథ నడిపేదే అతను. మీ సినిమాల్లో మాంత్రికుడు ఇంటర్వెల్ అయ్యాక దిగుతాడు, కథకుడికి దారి దొరకనప్పుడు. గడ్డం సవరించుకుని జరిగిందంతా చెప్పి వెళ్లిపోతాడు.

నటి రేవతి గారిని తలుచుకోండి. 1992లో రాంగోపాల్ వర్మ ‘రాత్రి’లో ఆవిడ సినిమా హాల్లో కూర్చుంటుంది, చూస్తుండగా హాలంతా ఖాళీ. హాల్లో కూర్చుని ఆ సీను చూసినవాళ్లు పక్క సీటు తడుముకుని ఉంటారు. ఆ సినిమాకీ చివర్లో మంత్రగాడు తప్పలేదనుకోండి. ముప్ఫై ఏళ్ల తర్వాత, 2022లో, అదే రేవతి గారు మలయాళంలో రాహుల్ సదాశివన్ తీసిన ‘భూతకాలం’లో తల్లి వేషం వేశారు. తల్లీ కొడుకూ, అద్దె ఇల్లు, డబ్బు కటకట, ఒకరి మీద ఒకరికి ఉక్రోషం. ఇంట్లో ఏదో ఉంది. అదేమిటో సినిమా చెప్పీ చెప్పనట్టు వదిలేస్తుంది, పూర్తిగా చెప్పాలనే ఆత్రం దానికి లేదు. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోదామంటే అడ్వాన్సుకి డబ్బుల్లేని మనుషులకి దెయ్యం పూర్వాశ్రమం తెలిస్తే ఒరిగేదేముంది? అది చూశాక మా ఇంట్లో నడవా లైటు తీసెయ్యడానికి కొంత కాలం పట్టింది.

ఇక చేతబడి. ఇది నాకు నచ్చని చోటే కాదు, భయం వేసే చోటు కూడా.

2021 డిసెంబరులో అనిల్ విశ్వనాథ్ ‘మా ఊరి పొలిమేర’ నేరుగా ఓటీటీలో వచ్చింది, ఎవరూ ఊహించనంత మంది చూశారు, రెండేళ్లకు రెండో భాగం హాళ్లలోకి వచ్చింది. కమెడియన్‌గా చూసిన సత్యం రాజేష్‌ని ఆ మొదటి భాగం చివర్లో చూసి నోరు తెరిచిన మాట నిజం. పట్నం నుంచి బొమ్మలా తెచ్చి పెట్టిన పల్లెటూరు కాకుండా, అప్పులూ అసూయలూ ఉన్న ఊరు కనిపించింది. 2023 వేసవిలో ‘విరూపాక్ష’ వచ్చింది. అది చిన్న సినిమా కాదు, వెనక సుకుమార్ ఉన్నారు, అయినా మీరంతా దాని దారి పట్టారు కాబట్టి చెబుతున్నాను. రుద్రవనం అనే ఊళ్లో చేతబడి నెపంతో ఒక జంటను జనం తగలబెడతారు. కాలిపోతూ ఆమె శపిస్తుంది. పన్నెండేళ్లకి శాపం తగులుతుంది. కార్తీక్ దండు బాగా తీశాడు, ఆ అడవి, ఆ గంట మోత, అన్నీ.

కానీ బయట ఏం జరుగుతోందో మీకు తెలుసు. చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపడం, కాల్చడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వార్తే. చనిపోయేవాళ్లు ఎక్కువగా బీదవాళ్లు, ఒంటరివాళ్లు, ముసలివాళ్లు. సినిమాలో వాళ్లకు శక్తులుంటాయి, తిరిగొచ్చి పగ తీర్చుకుంటారు. బయట వాళ్లు తిరిగి రారు. కొట్టినవాళ్లకి శాపమేమీ తగలదు, బెయిలు మీద వచ్చి అదే రచ్చబండ మీద కూర్చుంటారు. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో వీటి మీద ప్రత్యేకంగా చట్టాలే చేసుకోవాల్సి వచ్చింది. "ఊళ్లో చావులకి ఫలానా మనిషే కారణం" అని చివరి రీలులో మీరు తేల్చినప్పుడల్లా, ఆ ఊరివాళ్ల అనుమానానికి మీరు సాక్ష్యం చెబుతున్నారు.

ఈ గొడవ కొత్తదేం కాదు. యండమూరి చేతబడి నవల ‘తులసిదళం’ వారం వారం తెలుగు లోగిళ్లను వణికించిన రోజుల్లోనే దాని మీద ‘తులసిదళం కాదు, గంజాయిదమ్ము’ అని రాసిన రంగనాయకమ్మ గారు తాడేపల్లిగూడెం దగ్గరి బొమ్మిడిలో పుట్టినావిడ. మా అమ్మ ఆ నవలను తలుపు గడియ పెట్టుకుని చదివి, ఈ విమర్శను నడిమింట్లో కూర్చుని చదివిందట. రెండూ నచ్చాయంది. నేనూ అలాంటిదాన్నే. చేతబడి కథలు తియ్యొద్దని చెప్పను. కానీ ఊరు వేలు చూపించిన మనిషివైపే కథ కూడా వేలు చూపిస్తే అందులో మీరు కొత్తగా చేసిందేముంది?

ఆ మాటకొస్తే అజయ్ భూపతి ‘మంగళవారం’ కొంత మేలు. 2023 నవంబరు సినిమా, కోనసీమ పల్లె. రాత్రికి రాత్రి ఊరి గోడ మీద అక్రమ సంబంధాలున్నవాళ్ల పేర్లు రాస్తారు, మంగళవారం నాటికి ఆ పేర్లు శవాలవుతాయి. దెయ్యం ఉందో లేదో గానీ ఆ గోడ నన్ను వణికించింది. పేరు రాసి ఉందేమోనని పొద్దున్నే గోడ దగ్గరికి ముసుగేసుకుని వెళ్లే ఊరు! దానికి దెయ్యం అక్కర్లేదు. ఊరు వెలివేసిన అమ్మాయి జబ్బును జబ్బుగా చెప్పాలనుకోవడం ధైర్యమే. ఆ ధైర్యం ఉన్న సినిమాలో కెమెరా ఆ అమ్మాయి ఒంటి మీద అంతసేపు ఎందుకు తచ్చాడిందో మాత్రం దర్శకుణ్ణే అడగాలి.

నవ్వుల దెయ్యాల గురించి ఎక్కువ చెప్పను. 2013లో ‘ప్రేమకథా చిత్రమ్’ ఆడినప్పటినుంచి దెయ్యం కనిపిస్తే నలుగురు కమెడియన్లు మంచం కింద దూరడం ఒక పరిశ్రమ అయిపోయింది. గూడెంలో చిత్రమందిర్ కట్టించిన రేలంగి గారి వైపువాళ్లం, మాకు నవ్వంటే పడదా? ఆయన భయపడితే ఆ మనిషి భయపడ్డాడు కాబట్టి నవ్వొచ్చేది. ఇప్పుడు భయపడినట్టు నటిస్తున్నారని తెలుస్తూ ఉండగానే నవ్వమంటున్నారు.

ఒక్క ‘శుభం’ని పక్కన పెడతాను. ప్రవీణ్ కండ్రేగుల తీశారు, సమంత నిర్మాత, 2025 మే. భీమిలిలో కేబుల్ నడుపుకునే కుర్రాడు. రాత్రి తొమ్మిదికి సీరియల్ వచ్చే టైముకి ఊళ్లో పెళ్లాలకు దెయ్యం పడుతుంది. సీరియల్ అయ్యేదాకా కదలరు, కదిపితే ఊరుకోరు. హాల్లో మా వరసలో ఉన్న ఆడవాళ్లు నవ్వుతున్న నవ్వు వేరు, వాళ్ల పక్కనున్న మగవాళ్లు నవ్వుతున్న నవ్వు వేరు. రోజంతా చాకిరీ చేసి అరగంట తనకోసం కూర్చున్న ఆడదాన్ని చూస్తే ఇంట్లో మగవాడికి ఎంత భయమో చెప్పడానికి దర్శకుడు ఒక్క డైలాగూ వృథా చెయ్యలేదు. తర్వాత కొంత చెల్లాచెదురైంది, ఫరవాలేదు.

ఇప్పుడు మా ఊళ్ల సంగతి. మీరు కోనసీమకు వెళ్తారు, నల్లమలకు వెళ్తారు, వికారాబాద్ అడవిలో పాత బంగళా అద్దెకు తీసుకుంటారు. మా వైపు రారు. వస్తే పడవ మీద ఒక పాట తీసుకుని, పక్షుల్ని చూపించి పోతారు. 1985లో వంశీ గారు ‘అన్వేషణ’ తీశారు, పక్షుల కూతల్లో స్వరాలు వెతుక్కుంటూ ఒకమ్మాయి తలకోన అడవికి వస్తుంది. ఆ సినిమాలో అడవి వెనక బొమ్మ కాదు, చెట్టు చెట్టుకీ అనుమానం ఉంటుంది. మా కొల్లేరు సరస్సును అలా చూసినవాళ్లు ఇంకా రాలేదు.

ఒక రాత్రి చెప్తాను. మా అన్నయ్య లీజుకు తీసుకున్న రొయ్యల చెరువు, గట్టు మీద మకాం. మకాం అంటే రేకులు కప్పిన ఒక గది, మేత బస్తాలు, మందుల డబ్బాలు, ఒక నులక మంచం. చెరువులో ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతుంటాయి. ఆ చప్పుడు మొదట్లో చెవులు చిల్లులు పొడుస్తుంది, గంటకి అలవాటైపోతుంది, తర్వాత అది ఉన్నట్టే తెలియదు. కాపలా ఉండే ముసలాయన ఆ చప్పుడులోనే గురకపెట్టి నిద్రపోతాడు. కరెంటు పోతే చప్పుడు ఆగిపోతుంది, ఆ క్షణంలో ఆయన లేచి కూర్చుంటాడు. మెలకువ తెప్పించింది శబ్దం కాదు, అది ఆగిపోవడం. జనరేటరు తాడు లాగుతాడు, అంటుకోదు. టార్చి నీళ్ల మీద వేస్తే, తెల్లవారుజాము నీళ్లలో గాలి చాలక రొయ్యలు అంచుకి చేరుతుంటాయి. గంట ఆలస్యమైతే పంట మొత్తం, దాంతోపాటు అప్పు ఇచ్చినవాడి ముందు అన్నయ్య మొహం. ముసలాయన ఎవర్నో తిడుతూ, మొక్కుతూ తాడు లాగుతూనే ఉంటాడు. మీ సినిమాల్లో ఢామ్మని మోగించే శబ్దాలన్నీ కలిపినా ఆ నిశ్శబ్దానికి సాటి రావు. దీనికి గ్రాఫిక్స్ ఖర్చేం లేదు.

కథలు కావాలంటే కథలున్నాయి. కొల్లేటికోటలో లాంగూల గజపతి కోట ఉండేదంటారు. నీళ్ల నడుమ కోట, పట్టడం కష్టం. చిగురుకోట దగ్గర దిగిన శత్రు సేనాని సరస్సు నీళ్లు సముద్రంలోకి తోడెయ్యాలని ఉప్పుటేరు తవ్వించాడట. పని జయం కావాలని కన్నకూతుర్నే బలిచ్చాడట. అందుకే ఆ కాలువకి పేరంటాల కనుమ అని పేరు వచ్చిందంటారు. ఆ పిల్ల ఎలా ఉండేదో, ఏమందో కథలో లేదు. ఒక సరస్సును ఎండగట్టడానికి ఒక పిల్ల! అక్కణ్నుంచి ఇటు రండి. 1999లో ప్రభుత్వం అయిదో కాంటూరు వరకు, 77 వేల ఎకరాలకు పైగా, అభయారణ్యం చేసింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని యంత్రాలు తెచ్చి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. కొల్లేరుకు అది అవసరమే, నేను కాదనను. కానీ ఆ చెరువుల మీద కూలికి బతికినవాళ్లు ఆ వేసవిలో ఏ ఊరు పోయారో ఎవరూ రాసుకోలేదు. అప్పటి బలికీ దీనికీ మధ్య ఒక సినిమా ఉంది. దాన్ని తీసేటప్పుడు దయచేసి ఆ పిల్లను తెల్లచీరలో గట్టు మీద నడిపించకండి.

చిన్నప్పుడు లంకలో కిక్కిస పొదల మీద రాత్రిళ్లు మంట కనిపించి ఆరిపోయేదని, అవి కొరివి దెయ్యాలని మా నాయనమ్మ చెప్పేది. నేనిప్పుడు పిల్లలకి కుళ్లిన మొక్కల నుంచి వచ్చే వాయువు గురించి పాఠం చెబుతున్నాను. కారణం తెలుసు, అయినా చీకటి పడ్డాక ఆ గట్టు మీద నడవను. కారణం తెలిసినా పోని భయం ఏదైతే ఉందో అది తియ్యండి. కారణాలు చెప్పొద్దని నేననడం లేదు. చెప్పగానే చేతులు దులుపుకోవడానికి వీలయ్యే కారణాలు చెప్పొద్దంటున్నాను.

2020 డిసెంబరు మొదటి వారం గుర్తుందా? మీకు గుర్తుండకపోవచ్చు, మాకు గుర్తుంది. కరోనాతో మూతులు కట్టుకుని తిరుగుతున్న రోజులు. ఏలూరు వన్‌టౌన్‌లో మనుషులు ఉన్నట్టుండి పడిపోవడం మొదలైంది. నిలబడి మాట్లాడుతున్నవాళ్లు, చెట్టు కింద ఆడుకుంటున్న పిల్లలు. ఫిట్స్, నోట్లో నురగ, కొన్ని నిమిషాలు ఒళ్లు తెలియకపోవడం. లేచాక ఏం జరిగిందో గుర్తుండేది కాదు. ఒకే ఇంట్లో, ఒకే కుండలో అన్నం తిన్నవాళ్లలో ఒకళ్లు పడిపోయేవారు, మిగతావాళ్లకి ఏమీ అయ్యేది కాదు. ఆరు వందల మందికి పైగా పెద్దాసుపత్రికి వెళ్లారు, ఒకాయన చనిపోయారు. ఢిల్లీ నుంచి ఎయిమ్స్ వాళ్లు, హైదరాబాదు నుంచి ఎన్‌ఐఎన్ వాళ్లు, ఇంకా ఎందరో శాస్త్రవేత్తలు దిగారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. తర్వాత పురుగుమందుల అవశేషాల వైపు చూపించారు. నీళ్లా, కూరగాయలా, పాలా, ఊళ్లో ఇప్పటికీ ఎవరి కథ వాళ్లది.

ఆ రోజుల్లో నేను బిందె నీళ్లు గ్లాసులోకి వంచి, దీపం ముందు పెట్టి చూసేదాన్ని. తేటగా ఉండేవి. తేటగా ఉన్నాయి కాబట్టే భయం. పిల్ల దాహమంటే ఆ గ్లాసు ఇవ్వాలా వద్దా? ఒకసారి ఇచ్చాను, ఒకసారి కొబ్బరిబోండం కొట్టించాను. పిల్ల పడుకున్నాక ఊపిరి చూసేదాన్ని. అప్పుడు మాకు ఏ తాంత్రికుడూ వచ్చి ఏ పెట్టె తవ్వాలో చెప్పలేదు. కేసులు తగ్గాయి, టీవీ వ్యాన్లు వెళ్లిపోయాయి, మేం మళ్లీ అవే నీళ్లు తాగాం. ఇదే నాకు తెలిసిన అసలైన రెండో సగం. భయం తీరకుండానే బతుకు మొదలెట్టడం. ఇన్నేళ్లయినా ఆ వారం రోజుల మీద ఒక్క మంచి సినిమా నా కంట పడలేదు. ఫలానా కంపెనీ యజమాని విలనని తేల్చి, హీరో చేత కొట్టించే సినిమా అయితే వద్దు. ఒక తల్లి, ఒక గ్లాసు, ఒక పిల్ల ఉంటే చాలు.

ఇంకా ఉన్నాయి. గూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఉంది, విమానం దిగని రన్‌వే. ఉల్లిపాయల మార్కెట్లో లారీలు తెల్లవార్లూ వస్తూ పోతూ ఉంటాయి, ఏ లారీలో బస్తాల వెనక ఏముందో ఎవరడుగుతారు? థ్రిల్లర్లు రాసేవాళ్లు అక్కడ టీ బంకు దగ్గర నాలుగు రాత్రులు కూర్చుంటే కొరియన్ సినిమా సీడీలు వెతుక్కునే పని తప్పుతుంది.

రావాలనుకుంటే రండి, కాని కొన్ని సంగతులు. పెద్దింట్లమ్మ జాతర రోజుల్లో వస్తే కైకలూరు చుట్టుపక్కల మీకు గది దొరకదు. ఆటపాకలో గూడబాతులు గూళ్లు పెట్టే కాలంలో జనరేటర్లూ పెద్ద లైట్లూ పెట్టకండి, మీకు ఇంకో షెడ్యూలు ఉంటుంది, వాటికి ఉండదు. రాత్రి షూటింగుకి మా కుర్రాళ్లు దోనెలు వేస్తారు, నీళ్ల లోతు వాళ్లకే తెలుసు కాబట్టి వాళ్ల మాట వినండి. పని అయ్యాక కూలి మాత్రం పగటి రేటు కట్టకుండా రాత్రి రేటు కట్టి, అక్కడే, ఆ పొద్దునే ఇచ్చి వెళ్లండి.

ఇట్లు,
ఏలూరు నుంచి ఒక ప్రేక్షకురాలు